ఎలుగుమడుగు ఎర్రపిల్లలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో కొండ మీంచి రాళ్ళ మధ్య దూకుతూ దిగే ఒక వాగు. గట్టు పొడుగునా ఇప్పచెట్లుండేవి కాబట్టి దాన్ని ఇప్పలవాగు అనేవారు. ముందే చెబుతున్నానర్రా, ఇది కడుపుబ్బ నవ్వించే కథ కాదు. మధ్యలో లేచి పోతానంటే ఊరుకోను. ఏడుపొస్తే ఏడవండి, తప్పులేదు.

ఒక ఆషాఢంలో, తొలి వానలు పడ్డాక, ఆ వాగుకి ఒక నీటికుక్క వచ్చాడు. నీటికుక్క అంటే మన వీధిలో మొరిగే కుక్క కాదు. నున్నటి గోధుమరంగు బొచ్చు, లావుపాటి తోక, బాతుకున్నట్టు కాలివేళ్ళ మధ్య తోలు. చేపలు పట్టడమే వాడి బతుకు. వాడి పేరు జోగన్న. వెంట పెళ్ళాం పైడమ్మ ఉంది.

కింద పెద్ద ఏట్లో వలలు ఎక్కువైపోయాయి. అక్కడ పైడమ్మ రెండుసార్లు ఈనింది. రెండుసార్లూ ఒక్క పిల్లా దక్కలేదు పాపం. అందుకని మొగుడూ పెళ్ళాం నాలుగు రోజులు రాళ్ళలో పడి నడిచి ఈ వాగు చేరుకున్నారు. పైడమ్మ అరికాళ్ళు పగిలి నెత్తురు కారింది.

"ఇంక నా వల్ల కాదయ్యా. ఈసారి పిల్లలు ఇక్కడే పుట్టాలి. ఇక్కడే పెరగాలి. ఈసారి కూడా పోతే నేను బతకను" అంది పైడమ్మ.

"ఊరుకోవే. నేను లేనూ? ఈసారి దక్కుతారు" అన్నాడు జోగన్న.

మర్నాడు పొద్దున్నే జోగన్న వేటకి దిగాడు. ఏట్లో దూకినట్టే నడిమధ్యకి ఒక్క దూకు దూకాడు. ఏముంది? నీటి ఉరవడికి కొట్టుకుపోయి బండకి గుద్దుకున్నాడు. మూతి చీరుకుపోయింది. చేప మాట దేవుడెరుగు, తోక దక్కింది అంతే.

నేరేడు కొమ్మ మీంచి ఎవరో కిచకిచా నవ్వారు. తలెత్తి చూస్తే లకుముకి పిట్ట. వయసు మీరింది, రెక్కల నీలం వెలిసింది. ఆ వాగులో చేపలు పట్టేవాళ్ళందరిలోకీ పెద్దది. అందరూ లకుముకత్త అని పిలిచేవారు.

"ఏం అబ్బాయ్, ఏటినించి వచ్చావా?" అంది లకుముకత్త.

"నీకెలా తెలుసు?" అన్నాడు జోగన్న మూతి నాక్కుంటూ.

"ఏటివాళ్ళు నీళ్ళు చూసి దూకుతారు నాయనా. వాగులో రాళ్ళు చూసి దూకాలి. అదిగో, ఆ పెద్ద బండ చూడు. నీళ్ళు దానికి కొట్టుకుని రెండు పాయలవుతున్నాయా? బండ వెనకాల ఉరవడి ఉండదు. చేప అక్కడ ఒళ్ళు దాచుకుంటుంది. మూతి ఎగువకి పెట్టుకుని, కొట్టుకొచ్చే పురుగు కోసం చూస్తూ ఉంటుంది. నువ్వు దిగువనించి పో. నిన్ను చూడదు."

జోగన్న దిగువనించి పోయాడు. రెండు పక్కె చేపలు దొరికాయి.

ఇంకో రోజు పెద్ద వాన కురిసి వాగు ఎర్రగా పొంగింది. ఏమీ కనబడక జోగన్న బిక్కమొహం వేశాడు.

"నీళ్ళు ఎర్రబడ్డ రోజు నడిమధ్య ఏముంటుందిరా, బురద తప్ప? ఒడ్డున మునిగిన గడ్డిలో చూడు. చేపలన్నీ అక్కడికే చేరతాయి" అంది లకుముకత్త. గడ్డిలో మూడు జెల్లలు దొరికాయి.

మరో పొద్దున చేపలన్నీ ఉలుకూ పలుకూ లేకుండా మాయమయ్యాయి.

"తూర్పు గట్టున నిలబడ్డావు కదూ? పొద్దున పూట నీకంటే ముందు నీ నీడ నీళ్ళలో పడుతుంది. పడమటి గట్టుకి రా" అంది లకుముకత్త.

జోగన్న తెలివితక్కువవాడేం కాదు. ఒకసారి చెబితే చాలు, పట్టేసేవాడు. శ్రావణం దాటేసరికి ఏ బండ కింద ఏముందో, ఏ మూల ఎంత లోతుందో వాడికి తెలిసిపోయింది. రోజూ నోటినిండా చేపలతో ఇంటికి పోతూంటే పైడమ్మ మురిసిపోయేది. వాడూ మురిసిపోయేవాడు. రెండు నెలలు చూసి, అంతా చూసేశాననుకున్నాడు.

భాద్రపదం చివర్లో లకుముకత్త వాడిని ఎగువకి తీసుకుపోయింది. అక్కడ కొండ వారగా లోతైన మడుగు ఒకటి ఉంది. ఎలుగుబంట్లు నీళ్ళకి దిగుతాయి కాబట్టి దాన్ని ఎలుగుమడుగు అంటారు.

"అబ్బాయ్, ఈ మడుగులో కొరమీనుల జంట ఒకటుంది. మూడేళ్ళ కిందట కరువొచ్చి వాగులో కొరమీనులన్నీ పోయాయి. మిగిలింది ఈ రెండే. త్వరలో పిల్లలు పెడతాయి. ఎర్రటి పిల్లలు, నీళ్ళ మీద మందగా తిరుగుతాయి. అవి నల్లబడే దాకా ఈ మడుగులో ఎవ్వరం మూతి పెట్టం. నేను పెట్టను, కొంగ పెట్టదు, నీళ్ళపాము పెట్టదు. ఇది మా కట్టుబాటు" అంది.

"సరే అత్తా, నేనూ పెట్టను."

"ఎందుకో కూడా విను. వేసవిలో..."

"పెట్టనన్నానుగా! పైడమ్మ ఆకలితో ఉంటుంది, పోవాలి" అని జోగన్న గబగబా దిగువకి పోయాడు.

లకుముకత్త తెరిచిన నోరు మూసుకుంది. పెద్దవాళ్ళు చెప్పబోతుంటే మీరు కూడా ఇలాగే పారిపోతారు. నాకు తెలుసులెండి.

ఆశ్వయుజం వచ్చింది. పైడమ్మ చూలాలయింది. చూలాళ్ళ నోరు మీకు తెలియదు. పక్కెలు తెస్తే ముళ్ళంది. జెల్లలు తెస్తే నీచంది. ఎండ్రకాయ తెస్తే అటు తిరిగి కూర్చుంది.

"ఏం కావాలే నీకు?" అన్నాడు జోగన్న.

"కొరమీను తినాలనుందయ్యా. చూలాలికి బలమట. మా అమ్మ చెప్పేది. రెండు ఈతలు పోగొట్టుకున్న ఒళ్ళు కదా, ఈసారి పిల్లలకి బలం ఉండాలి" అంది పైడమ్మ.

జోగన్న ఆ మధ్యాహ్నం ఎలుగుమడుగుకి పోయాడు. ఊరికే చూసొద్దామనే పోయాడు. మడుగు మీద ఒకచోట నీళ్ళు ఎసట్లో బియ్యంలాగా కుతకుతలాడుతున్నాయి. వేలకొద్దీ ఎర్రపిల్లలు! మీ చిటికెనవేలి గోరంత లేవు. మంద ఎటు పోతే అటు, కింద రెండు పెద్ద నల్లటి చేపలు కాపలా కాస్తూ పోతున్నాయి. వాడు చూశాడు, ఇంటికి వచ్చేశాడు.

రెండో రోజు మళ్ళీ పోయాడు. కొరమీను బతకాలంటే నీళ్ళు చాలవు, పైకొచ్చి గాలి కూడా పీల్చాలి. అది ఎప్పుడు పైకి వస్తోంది, ఎక్కడ వస్తోంది అని జోగన్న రెప్ప వెయ్యకుండా చూశాడు. ఎప్పుడొచ్చినా మంద పక్కనే వస్తోంది. పిల్లల్ని వదిలి బారెడు దూరం కూడా పోవడం లేదు. "ఓహో! మంద ఎక్కడుంటే మూతి అక్కడ లేస్తుంది. ఇది అత్త చెప్పింది కాదు. నా అంతట నేను కనిపెట్టాను" అని వాడికి ఒళ్ళంతా పొంగిపోయింది. ఆ పొంగే కొంప ముంచింది. ఆ రోజూ వట్టి చేతులతోనే ఇంటికి వచ్చాడు గానీ రాత్రంతా ఆ మూతే కళ్ళముందు మెదిలింది.

మూడో రోజు పోయాడు. మంద పక్కన మాటు వేశాడు. మూతి లేచింది. పట్టేశాడు. అది మగ కొరమీను, ఎలుగు కాలంత లావుంది. వాగులో ఇంత తేలిగ్గా దొరికిన చేప ఇంకోటి లేదు.

పైడమ్మ ఆబగా తింది. సగం తిన్నాక తలెత్తి, "ఏ మడుగులోదయ్యా ఇది?" అంది.

జోగన్న చేపని ఇంకాస్త దగ్గరికి తోశాడు. "కింది మడుగులోదేలే. తిను, తిను" అన్నాడు.

"రేపూ తెస్తావా?"

"తెస్తాను" అన్నాడు.

మాట ఇచ్చాడు కదా, నాలుగో రోజు మళ్ళీ పోయాడు. ఈసారి తల్లి ఒక్కతే ఉంది. మంద చుట్టూ ఒంటరిగా తిరుగుతోంది. వాడు వచ్చి నీళ్ళలో దిగినా అడుగుకి పోలేదు. అలాగే ఎదురుగా నిలబడింది.

"పిచ్చిదానా, నన్ను చూశావు కదా, బురదలోకి పారిపోవేం?" అన్నాడు జోగన్న.

"పారిపోతే వీళ్ళనెవరు చూస్తారు?" అంది తల్లి కొరమీను. "వాళ్ళ నాన్న కోసం వెతుక్కుంటున్నారు. ఇంకో పది రోజుల్లో నల్లబడతారు. అప్పుడు వాళ్ళే రాళ్ళలో దాక్కోగలరు. అందాకా నేను కదల్లేను."

జోగన్న ఒక్క క్షణం ఆగాడు. ఇంట్లో తన పెళ్ళాం కడుపు గుర్తొచ్చింది. ఆ కడుపు గుర్తొచ్చినవాడు వెనక్కి తిరగాలి కదర్రా? తిరగలేదు. "నా పిల్లలకి బలం కావాలి. నీ పిల్లలు వేలమంది ఉన్నారు. నా పిల్లలు ముగ్గురో నలుగురో" అనుకున్నాడు. పట్టేశాడు. పాడు నోరు!

గట్టు మీంచి కొంగ చూసింది. అందాకా ఒంటికాలి మీద దూరంగా నిలబడ్డ కొంగ, మెల్లిగా మడుగులోకి దిగింది.

"ఏయ్, కట్టుబాటు మరిచిపోయావా?" అన్నాడు జోగన్న నోట్లో చేపతోనే.

"నీ నోట్లో ఉన్నదేమిటి?" అంది కొంగ. "కట్టుబాటు అందరికీ ఉంటేనే కట్టుబాటు. లేకపోతే నేనొక్కతే ఎందుకు పస్తుండాలి?"

కొంగ వచ్చింది. కొంగని చూసి నీళ్ళపాము వచ్చింది. ఎర్రపిల్లలకి ఎటు పోవాలో తెలియలేదు. అమ్మ ఉన్నచోటికే మళ్ళీ మళ్ళీ వచ్చి చేరాయి. చివరికి లకుముకత్త కూడా వచ్చింది. ఆవిడ ముక్కు మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఏడుస్తూనే మునిగి రెండు పిల్లల్ని పట్టింది.

"అత్తా! నువ్వు కూడానా?" అన్నాడు జోగన్న.

"ఎలాగూ సాయంత్రానికి ఒక్కటీ మిగలదురా. నా బొరియలోనూ పిల్లలున్నాయి" అంది లకుముకత్త. వాటిని కరుచుకుని ఎగిరిపోయింది.

పొద్దు గుంకేసరికి ఎలుగుమడుగు నీళ్ళు కదలకుండా ఉన్నాయి. ఎర్రగా ఒక్క చుక్క లేదు.

మార్గశిరంలో పైడమ్మ ఈనింది. ముగ్గురు పిల్లలు. పెద్దోడు, నడిపోడు, చిట్టితల్లి. బొద్దుగా, ముద్దుగా ఉన్నారు. వాగులో ఇంకా పక్కెలున్నాయి, జెల్లలున్నాయి. పిల్లలు తండ్రి తోక పట్టుకుని ఆడుకునేవారు. "చూశావటే, దక్కారు" అనేవాడు జోగన్న. చూడండి, తప్పు చేసినవాడికి వెంటనే శిక్ష పడితే ఎంత బాగుండును! పడదు. కొన్నాళ్ళు అంతా బాగానే ఉంటుంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. వాగు సన్నబడింది. ఉగాదికి పారడం మానేసింది. ఇప్పుడది వాగు కాదు, అక్కడో మడుగు, ఇక్కడో మడుగు, మధ్యలో కాలే రాళ్ళు. జోగన్న ఈ వాగుని ఇలా ఎప్పుడూ చూడలేదు. బండ వెనక నీళ్ళేవి? అసలు నీళ్ళే లేవు. ఒడ్డున గడ్డేది? ఎండి గాలికి కొట్టుకుపోయింది. నేర్చుకున్న విద్యంతా ఒక్క పూటకి కూడా పనికిరాలేదు.

ముందు కింది మడుగు ఎండింది. తరవాత నేరేడు కింద మడుగులో నీళ్ళు వేడెక్కి పక్కెలన్నీ వెల్లకిలా తేలిపోయాయి. రెండు రోజులు వాటినే తిన్నారు. మూడో రోజుకి కుళ్ళిపోయాయి. చివరికి మిగిలింది ఎలుగుమడుగొక్కటే. మోకాలి లోతు బురదనీళ్ళు.

జోగన్న తెల్లారినప్పటినించి పొద్దుగూకేదాకా ఆ బురద తవ్వాడు. గోళ్ళు ఊడిపోయాయి. రెండు గుల్లలు దొరికాయి. మర్నాడు అవీ దొరకలేదు.

గట్టున లకుముకత్త కూర్చుని ఉంది. ఈకలన్నీ రేగి, చిక్కి శల్యమైపోయింది.

"అత్తా, ఇన్నేళ్ళూ వేసవిలో మీరంతా ఏం తిని బతికారు?" అని అడిగాడు జోగన్న.

"ఇప్పుడడుగుతున్నావా?" అంది లకుముకత్త. "వేసవికి ఈ వాగులో మిగిలేది ఈ మడుగొక్కటే. ఈ బురదలో బతకగలిగేది కొరమీనొక్కటే. నీళ్ళు చాలకపోయినా పైకొచ్చి గాలి పీల్చి బతుకుతుంది. ఆశ్వయుజంలో పిల్లల్ని వదిలేస్తే వేసవికి జానెడేసి అవుతాయి. నీబోటివాడికి ఒక చేప, కొంగకి ఒక చేప, నాకు మిగిలిన చిన్న చేపపిల్లలు. వానలొచ్చే దాకా సరిపోయేవి. మూడేళ్ళ కిందటి కరువు తరవాత ఈ ఏడే మంద నిండుగా వచ్చింది. ఆ రోజు ఇదే చెప్పబోయాను నాయనా."

 జోగన్న అక్కడే బురదలో కూలబడ్డాడు. "నేనెంత పాపిష్టివాడిని" అని తల బాదుకుని ఏడ్చాడు. లకుముకత్త ఓదార్చలేదు. ఆవిడ బొరియలో కూడా పిల్లలు ఒక్కటీ మిగల్లేదు.

ఇంటికి పోయేసరికి నడిపోడు గడప దగ్గర పడుకుని ఉన్నాడు. "నాన్నా, ఇవాళేం తెచ్చావు?" అన్నాడు. జోగన్న వాడి తల నాకాడు. "రేపు తెస్తావా?" అన్నాడు నడిపోడు. రేపు పొద్దున వాడు లేవలేదు.

రెండు రోజులకి పెద్దోడు కూడా పోయాడు. తల్లి పొట్ట దగ్గర మూతి పెట్టి, పాలు లేకపోయినా చప్పరిస్తూ పోయాడు.

అప్పుడు జోగన్న పెళ్ళాం దగ్గర నిజం చెప్పాడు. ఎలుగుమడుగు సంగతి, కట్టుబాటు సంగతి, తల్లి కొరమీను అన్న మాట, అంతా చెప్పాడు. 

"ఏ మడుగులోదని అడిగాను కదయ్యా" అంది పైడమ్మ. "నిజం చెప్పి ఉంటే రెండోది తేవద్దనేదాన్ని. తల్లైనా మిగిలేది. నా పిల్లల కూడు నాచేతే తినిపించావు."

ఆ తెల్లవారుజామున పైడమ్మ చిట్టితల్లిని మెడ దగ్గర నోట కరుచుకుని ఏటి దారి పట్టింది. నాలుగు రోజుల నడక. రాళ్ళు పెనంలా కాలుతున్నాయి. జోగన్న వెనకే నడిచాడు. రెండో మలుపు దగ్గర ఆవిడ పిల్లని కింద పెట్టి వెనక్కి తిరిగింది.

"రాకు. నీ మొహం చూస్తుంటే నా పిల్లలు గుర్తొస్తున్నారు. నేను నడవాలి" అంది.

జోగన్న ఆగిపోయాడు. వాళ్ళు ఏరు చేరారో లేదో ఎవరికీ తెలియదు. నన్నడక్కండి, నాకూ తెలియదు.

పదిహేను రోజులకి వానలు పడ్డాయి. రాక రాక వచ్చాయి, కొండంతా దద్దరిల్లేలా వచ్చాయి. వాగు ఎప్పటిలాగే రాళ్ళ మధ్య దూకుతూ, తెల్లగా నురగలు కక్కుతూ పారింది. దిగువనించి ఒకటీ అరా పక్కె చేప ఎక్కి వచ్చింది. కొరమీను రాలేదు.

లకుముకత్త వచ్చి కొమ్మ మీద వాలింది. "నేను కొండ అవతలి వాగుకి పోతున్నానురా. కొంగ నిన్ననే పోయింది. పాము ఎప్పుడో చచ్చింది. ఇక్కడింక నీకు అడ్డొచ్చేవాళ్ళు లేరు. వాగంతా నీదే" అంది. దెప్పిపొడుపు కాదర్రా అది. ఉన్నమాటే అంది. అని ఎగిరిపోయింది.

జోగన్న వాగులో దిగాడు. ఇప్పుడు వాడికి ఆ వాగు వానలోనూ తెలుసు, ఎండలోనూ తెలుసు. పెద్ద బండ వెనక ఒక పక్కె చేప ఉంది. దిగువనించి పోయి పట్టుకున్నాడు. అలవాటు కొద్దీ నోట కరుచుకుని గట్టెక్కాడు. అలవాటు కొద్దీ బొరియ దాకా నడిచి, గడపలో పెట్టి, "రండర్రా, తెచ్చాను" అని కేకేశాడు.

కేకేశాక గాని వాడికి గుర్తు రాలేదు. అక్కడే కూర్చున్నాడు. ఆ చేపని తినబుద్ధి కాలేదు, పారెయ్యబుద్ధీ కాలేదు. సాయంత్రానికి దానికి చీమలు పట్టాయి.

నీతి: చేపని పట్టడం తెలిసినంత మాత్రాన వాగు తెలిసినట్టు కాదు. బిడ్డల్ని కాస్తున్న తల్లిని చంపి తినేవాడు తన బిడ్డల రేపటి కూడు ఈ పూటే తినేస్తున్నాడు.